పడవెక్కిన బూట్లు

మంగినపూడి దగ్గర మా ఊళ్లో వేటకు వెళ్లేవాళ్లు చెప్పులు ఇసుకలో విడిచి పడవెక్కుతారు. పడవంటే తల్లి, తల్లిని చెప్పుకాలితో తొక్కకూడదంటారు. అందుకే మావాళ్ల పాదాల నిండా జెల్లచేప ముల్లు దిగిన మచ్చలు, తాళ్లు ఒరుసుకున్న గీతలు, లంగరు మీదపడి నల్లబడ్డ గోళ్లు. పెళ్లైన కొత్తలో సాయంత్రాలు మా ఆయన పాదం ఒళ్లో పెట్టుకుని పిన్నీసుతో ముళ్లు తీసేదాన్ని. మా కబుర్లన్నీ అప్పుడే. ఆ సాయంత్రాలంటే నాకు ఇప్పటికీ బెంగే.

ఆయనకు షుగరు వచ్చాక, పిన్నీసు గుచ్చుకున్నా పుండవుతుందని భయంతో ఆ ముచ్చట కాస్తా పోయింది. ఒకరోజు పడవలో చేపలకేసే ఐసుగడ్డ జారి కాలివేళ్ల మీద పడింది. పుండు ఎంతకీ మానలేదు. బందరులో డాక్టరుగారు కట్టు కడుతూ, "ఇంకో దెబ్బ తగిలితే పాదం తీసేయాల్సొస్తుందండీ. బూట్లు లేకుండా పడవెక్కకండి" అన్నారు. వచ్చేటప్పుడే మోకాళ్ల దాకా ఉండే రబ్బరు బూట్లు కొనిపించాను.

ఆయన వాటిని బుద్ధిగా రేవు దాకా తొడుక్కెళ్లి, అక్కడ విప్పేసి పడవెక్కేవాడు! మెత్తటి ఇసుకలో బూట్లు, ముళ్లూ ఐసూ ఉన్నచోట ఉత్తకాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. ఎంత పోట్లాడినా "తల్లిని తొక్కమంటావా?" అనేవాడు. పడవలో మిగతావాళ్లదీ అదే పాట.

చివరికి మా అత్తగారి దగ్గర మొరపెట్టుకున్నాను. చేపలమ్మి పిల్లల్ని పెంచిన మనిషి, ఆచారాల పట్టింపు ఎక్కువ. ఆవిడా కొడుకు పక్షమే వహిస్తుందనుకున్నాను. కానీ ఆవిడ బూట్లు శుభ్రంగా కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టింది. రేవుకు తీసుకెళ్లి, గంగమ్మకు దణ్ణం పెట్టుకుని, తన చేత్తోనే పడవలో పెట్టింది.

"ఇయ్యి ఇంక ఒడ్డు తొక్కకూడదు. వల ఎట్టాగో ఇయ్యీ అట్టాగే, పడవ సామాను. ఇక్కడే తొడుక్కో, ఇక్కడే ఇప్పు" అంది కొడుకుతో.

"తల్లికి కోపమొచ్చుద్దేమోనే అమ్మా" అని ఆయన నసిగాడు.

"నేనూ తల్లినే కదరా. బిడ్డ కాలు పోతే ఏ తల్లి ఓర్చుకుంటది?"

ఆయన పడవలో కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. తర్వాత ఆ పడవలో మిగతావాళ్లూ ఒక్కొక్కరే తెచ్చుకుని, మా అత్తగారి చేత బొట్లు పెట్టించుకున్నారు.

ఆవిడ పోయిన రోజున నిప్పుకుండ పట్టుకుని ఆయన అందరికంటే ముందు నడిచాడు. నేను గుమ్మంలో నిలబడి, సందు మలుపు తిరిగేదాకా ఆ రెండు పాదాల్నే చూస్తూ ఏడ్చాను.