జవాబు చూసి తెచ్చిన అంకె

ఒక తెలివైన అమ్మాయిని పదిమంది ముందూ తెలివితక్కువదాన్ని చేశాను. ఇన్నేళ్లుగా ఆ బరువు మోస్తున్నాను. ఇంట్లో వాళ్లకు కూడా తెలియదు. మీకే చెబుతున్నాను.

సాఫ్ట్‌వేర్ జోరు మీదున్న రోజుల్లో అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఆప్షన్లకు ధర కట్టే లెక్కలు చెప్పేవాణ్ణి. ఒక షేరును ముందే అనుకున్న రేటుకు తర్వాత కొనుక్కునే హక్కే ఆప్షన్. దానికి ఎంత ఇవ్వాలో సూత్రం చెబుతుంది. అయితే షేరు ధర ఇకముందు ఎంత ఊగుతుందో, ఆ వొలటిలిటీ అంకె మనమే వెయ్యాలి. అది ఎవడికి తెలుసు?

నాకూ తెలియదు. కానీ ఉచిత డెమో క్లాసులో చప్పట్లు పడకపోతే బ్యాచ్ నిండదు. అందుకని పొద్దున్నే పేపర్లో ఆప్షన్ ధర చూసి, ఏ అంకె వేస్తే అదే ధర వస్తుందో ఇంట్లోనే వెనక నుంచి లెక్కగట్టుకుని వచ్చేవాణ్ణి. పాత ధరలన్నీ జల్లెడ పట్టి తేల్చానని చెప్పి, ఆ అంకె బోర్డు మీద వేసి, లెక్క చేసి, అప్పుడు ఎవరిచేతనైనా పేపరు చదివించేవాణ్ణి. అచ్చుగుద్దినట్టు అదే ధర. చప్పట్లు.

డెమో చూసి చేరిన సుజాత, తర్వాతి డెమోకీ వచ్చి కూర్చుంది. పల్లె నుంచి వచ్చి, పక్క సందులో హాస్టల్లో ఉంటూ, ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్న పిల్ల. లెక్క అయ్యాక లేచింది.

"సార్, పోయిన డెమోల గిదే షేరుకు వేరే అంకె వేసిన్రు. అప్పుడు సుత ధర సరిగ్గ కుదిరింది. పాత ధరలు గవే గద, అంకె ఎట్ల మారింది? జవాబు చూసి అంకె తెస్తున్నరా?"

"ఏంటమ్మా, తెలుగు మీడియమా? అర్థంకాని వాళ్లకి కాదు ఈ కోర్సు."

అందరూ నవ్వారు. ఆమె కూర్చుంది. నేను ఆ సాయంత్రం పంజాగుట్టలో ఇడ్లీ తిని హాయిగా బస్సెక్కాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

మర్నాటి నుంచి ఆమె రాలేదు. తనకు లెక్కలు రావని చెప్పి ఊరికి వెళ్లిపోయిందని హాస్టల్ స్నేహితురాలు చెప్పింది. అడ్రసు అడగొచ్చు. అడిగానా? లేదు. బ్యాచ్ నిండింది కదా.

అమీర్‌పేటలో అప్పుడు అందరూ అంతే అని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది. అందరూ అన్నారా ఆ మాట? అన్నది నా నోరు. పైగా నేను చదివిందీ తెలుగు మీడియమే. ఆ సంగతి అప్పుడెందుకు గుర్తు రాలేదు, లేక గుర్తొచ్చే అన్నానా?

క్షమించమని అడిగే మొహం లేదు. కానీ ఇక దాచలేను. ఆ అంకె జవాబు చూసి తెచ్చుకున్నదే. ఆ గదిలో లెక్క వచ్చింది సుజాత ఒక్కదానికే.