టాపుగేరు మావ రివర్సులో వచ్చిన రోజు

ఆ రోజుల్లో లారీ నడపడమంటే సగం లారీ కింద పడుకోవడమే. స్టీరింగు ముందు కూర్చున్న సేపు కన్నా, గోనెసంచి పరుచుకుని చాసిస్ కింద వెల్లకిలా పడుకున్న సేపే ఎక్కువ. అరవైల్లో కొత్తవలస దగ్గర కొత్త రైలు మార్గానికి కంకర తోలే ముసలి లారీల్లో నాదొకటి. క్వారీ గోతిలోంచి రాయి నింపుకుని ఎగువకి ఎక్కేటప్పుడు యాక్సిలు విరగడం మాకు జలుబు చేసినంత మామూలు సంగతి. ఇంజను తిప్పుడుని వెనక చక్రాలకి చేరవేసే పొడుగాటి ఇనుప గొట్టం ఒకటుంటుంది, ప్రొపెల్లర్ షాఫ్టు అంటారు. దాని ముందు కొస ఊడిందంటే మాత్రం ప్రాణాల మీదికి వచ్చినట్టే. ఒకసారి నా కళ్ళ ముందే అది ఊడి రోడ్డులో గుచ్చుకుని, లారీ ఆ గొట్టం ఆసరాగా గెడకర్రతో గెంతినట్టు పైకి లేచి, తాటిచెట్టు మీదున్న గీతకార్మికుడి ఎదురుగా ఆగింది. అతను దిగే శ్రమ లేకుండా అక్కణ్ణించే డ్రైవరుకి ఒక లొట్టి కల్లు అందించాడు. (మా ఆవిడ ఈ మాట నమ్మదు. పోనీ, కల్లు సంగతి వదిలేయండి. లారీ లేచిన మాట నిజం.)

అలా కల్లు అందుకున్న డ్రైవరే మా టాపుగేరు మావ. నాకు చుట్టం కాడు. పని నేర్పినవాణ్ణి మావా అని పిలవడం మా వైపు అలవాటు. కళాసీగా చేరిన నన్ను డ్రైవరుని చేసింది ఆయనే. పై గేరు తప్ప మిగతావాటి మీద ఆయనకి గౌరవం ఉండేది కాదు. "కింద గేర్లు కంపినీవోడు ఊరికే ఎట్టినాడురా, సోకు కోసం," అనేవాడు. రివర్సంటే మరీ నామోషీ. వెనక్కి వెళ్ళాల్సి వస్తే దిగిపోయి, బీడీ వెలిగించుకుని, "నువ్వెక్కరా," అని మొహం అటు తిప్పుకునేవాడు. అందుకని నాకు ముందుకి నడపడం కన్నా వెనక్కి నడపడమే బాగా వచ్చింది.

ఒక వేసవిలో ఆయన పోయాడు. ఎలాగంటే, లారీ కిందనుంచి కాళ్ళు రెండూ బయటికి కనబడుతుంటే, క్లచ్చి చూసుకుంటున్నాడనుకుని చాలాసేపటిదాకా ఎవరూ పలకరించలేదు. మధ్యలో నేను బోల్టులు విప్పే పానాలు కావాలా అని కూడా అడిగాను. పలక్కపోతే కోపంగా ఉన్నాడనుకున్నాను.

మావ సొంత ఊరు పొందూరు దాటాక ఉంది. తల్లి అక్కడే ఉంటుంది. క్వారీలో ఉలులు సానపట్టే ముసలాయన ఒకరు మావకి వరసకి చిన్నాన్న, మాకందరికీ శాస్త్రం తాత. పుట్టినా పోయినా ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఆయన్నే అడగాలి. తాత ఒకటే మాట చెప్పాడు: "పొద్దు కుంగితే సితి ముట్టించకూడదు. ఈ ఎండకి తెల్లారీదాకా సవం ఆగదు. బేగి ఎల్లి తల్లికి ముకం సూపించాల. అందుకోలేకపోతే దారిలోనే ఏ ఏటి గట్టునో కాల్సీడవే." అంటే ఆ తల్లికి కొడుకు బూడిదే చేరుతుంది. మావని ఆయన లారీలోనే పడుకోబెట్టి, తాతనీ కొందరు రాళ్ళు కొట్టేవాళ్ళనీ వెనక ఎక్కించుకుని, ఆయన సీట్లో నేను కూర్చున్నాను. ఆయన గౌరవం కోసం దారంతా పై గేరులోనే తోలాను.

చిలకపాలెం దగ్గర పొందూరు రోడ్డు ఎక్కేదాకా బాగానే ఉంది. అది సన్నటి రోడ్డు. ఎదురుగా గడ్డిబండి వచ్చింది. దానికి దారి ఇవ్వడానికి రివర్సు వేసి కాస్త వెనక్కి జరిగాను. బండి పక్కకొచ్చింది. మళ్ళీ ముందుకి వెళదామని గేరు మారిస్తే లోపల ఏదో పుటుక్కుమంది. గేరురాడ్డు చేతిలో వదులు పన్నులా ఊగింది.

"ఏటయినాదిరా?" అన్నాడు తాత పైనుంచి.

"గేరుబాక్సులో ఫోర్కు ఇరిగిపోనాది తాతా. రివర్సులోనే ఇరుక్కుపోనాది. ముందుకెల్దు."

"మరి ఎనక్కి?"

"ఎనక్కయితే ఎంత దూరవైనా ఎల్తాది. లారీ ఈపు ఊరేపు తిప్పుకుని ఎల్లిపోదాం."

తాతకి నచ్చలేదు. "ఈపు తిప్పుకుని ఇంటికెల్తారేటిరా ఎవులైనా? ఊరితో దెబ్బలాడుకుని ఎల్తన్నట్టుంటాది."

పొద్దు చూస్తే అప్పటికే వాలుతోంది. నా బుర్రకి ఒకటి తోచింది. శ్మశానానికి తీసుకెళ్ళేటప్పుడు సగం దారిలో పాడె దించుతారు కదా, ప్రాణం ఏమైనా మిగిలి ఉందేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు, పలక్కపోతే పాడెని అటుదిటు తిప్పి ఎత్తుకుంటారు. "ఇదే దింపుడు కళ్ళం అనుకో తాతా. ఎలాగూ తిప్పాల గదా," అన్నాను.

"దింపుడు కళ్ళం ఇంటికీ వల్లకాటికీ నడుమనుంటాదిరా సచ్చినోడా. ఈడింకా ఇంటికే సేరలేదు."

"ఏ ఇల్లు తాతా? ఆ ఇంట్లో మావ ఎన్నాల్లు పడుకున్నాడు సెప్పు. పడుకున్నదంతా క్వారీలో ఈ లారీ కిందే. ఆ ఇల్లొదిలి సగం దూరం వచ్చీసినాం."

తాత లారీని ముందు బంపరు నుంచి వెనక తలుపు దాకా ఒకసారి చూశాడు. తరవాత కండువా నడుముకి బిగించి, "దించండర్రా," అన్నాడు.

జీడితోట నీడలో మావని దించారు. గడ్డిబండి ఆసామి ఏమీ అడక్కుండా ఎడ్లని విప్పి లారీ బంపరుకి కట్టాడు. నేను క్లచ్చి తొక్కిపట్టి ఉంచితే ఎడ్లు లారీని తోట పక్క ఖాళీలోంచి గుండ్రంగా తిప్పాలని ఏర్పాటు. నేను ఎక్కి కూర్చున్నాను. తాత వంగి చెవిలో పేరు పెట్టి ఒకసారి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలవగానే లారీ హారను మోగింది. (కిటికీ పక్కనున్న రబ్బరు బుడ్డి మీద నా మోచెయ్యి పడింది. ఏడుస్తూ కళ్ళు తుడుచుకోబోయాను. దైవసాక్షిగా చెబుతున్నాను, కావాలని కాదు.) రాళ్ళు కొట్టే మొనగాళ్ళు ఒక్కడు మిగలకుండా జీడితోటలో పడ్డారు. తాత మాత్రం కదల్లేదు. మావ మొహంలోకే చూస్తూ, "ఆడు కాదు," అన్నాడు మెల్లిగా. "ఆడైతే ముందు తిట్టి, అప్పుడు కొడతాడు హారను."

ఎడ్లు లారీని తిప్పాక మావని మళ్ళీ ఎక్కించుకుని, అక్కణ్ణించి తలుపు తీసి పట్టుకుని, నడుము దాకా బయటికి వంగి, మెడ కుడి భుజం మీదుగా వెనక్కి తిప్పి తోలాను. ఇంజను కాగిపోతే ఊరూరా నూతి నీళ్ళు పోశాం. పొందూరు వీధిలో రాట్నాలు ఆగిపోయాయి. నూలు వడికే ఆడవాళ్ళు దారం పోగు అలాగే వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డారు. వెనక్కొస్తున్న లారీని చూసి నవ్వబోయిన పిల్లలు, అందులో పడుకున్న మనిషిని చూసి నోళ్ళు మూసుకున్నారు. ఊరు చేరేసరికి పొద్దు తాటితలల మీద ఉంది.

తల్లి వీధిలోకి వచ్చి నిలబడి ఉంది. వెనక తలుపు ఆమె ముందుకే వెళ్ళి ఆగింది. ఆమె ఏడవలేదు. తలుపు మీద చెయ్యి వేసి నాతో అంది: "ఎప్పుడొచ్చినా ముందు లారీ మొకవే అవుపడీది నాయినా. దానికి నీల్లు పోసి, దాన్ని తుడిసి, అప్పుడు గానీ నా కాడికి వచ్చీవోడు కాదు. ఇయాల ఆడే ముందొచ్చినాడు."

పొద్దుండగానే చితి ముట్టించారు. తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ వెనక్కి చూడకూడదు. అందరూ తలలు వంచుకుని నడుస్తున్నారు. నా మెడ మాత్రం కుడి భుజం మీదే బిగుసుకుపోయింది, ముందుకి రాదు.

"ఒరే, ఎనక్కి సూడకు," అన్నాడు తాత.

"ముందుకి సూణ్ణేకపోతన్నాను తాతా. మెడ పట్టీసింది."

తాత ఆగి, ఆలోచించి, నా భుజాలు పట్టుకుని నన్ను గుండ్రంగా తిప్పేశాడు. ఇప్పుడు నా రొమ్ము చితి వైపు, మొహం ఊరి వైపు. "ఇప్పుడు రివర్సులో నడు," అన్నాడు. ఊళ్ళోకి అలాగే నడిచాను.

ఇది చెప్పినప్పుడల్లా జనం ఆ నడక దగ్గర నవ్వుతారు. ఆ కుర్రాడి వాలకం తలచుకుని నేనూ నవ్వుతాను. మెడ నిజంగానే పట్టేసిందా అని మా ఆవిడ అడుగుతుంది. నిజమేనంటాను. తాత నన్ను తిప్పకముందు నడిచిన ఆ నాలుగడుగుల మేర, అంతమందిలో మావ వెళ్ళిపోవడం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. మెడ పట్టేసినవాణ్ణి గనక ఎవరూ ఏమీ అనలేదు.