షష్టిపూర్తి స్టేజీ కింద నీటిగుంట

మా ఆవిడ విజయవాడలో జువాలజీ లెక్చరర్. నేను ఆమె బకెట్ మోసే ఉద్యోగంలో ఉన్నాను. జీతం లేదుగానీ తిట్లు ఠంచనుగా అందుతాయి. ఏడాదంతా నేలలో దూరి పడుకుని, తొలకరికి మాత్రం పైకొచ్చి వాననీటిలో గుడ్లు పెట్టే బొద్దు కప్ప ఒకటుంది. అది డెల్టాలో తగ్గిపోతోందని, ఎక్కడెక్కడ గుడ్లు పెడుతోందో ఆమె వెతుకుతోంది. ఆ జూన్‌లో పామర్రు చుట్టూ మేం తొంగిచూడని గుంట లేదు. గేదె గిట్ట దిగిన గుంతను కూడా వదల్లేదు. నా నడుము ఎంత వంగిపోయిందంటే, నెల రోజులపాటు ఆకాశం ఏ రంగులో ఉందో ఎవర్నైనా అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

చివరికి ఒక రైతు ఇంటి పక్కన, నులకమంచం పట్టేంత గుంటలో దొరికాయి. ఆవగింజలకు తోకలు మొలిచినట్టు, నల్లగా, తోకకప్పలు! మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. పెళ్లిచూపుల్లో నన్ను చూసినప్పుడు అందులో పదో వంతు వెలుగు కూడా లేదు.

"రేపు ఇక్కడ మట్టి తోలిస్తన్నానండీ," అన్నాడు రైతు. "ఆదివారం మా షష్టిపూర్తి. స్టేజీ ఇక్కడే."

వెలిగిన ఆ ముఖం అంతలోనే ఆరిపోయింది. వాటికి కాళ్లు మొలిచి గట్టెక్కాలంటే ఇంకా రెండు వారాలు పడుతుంది. ఆ ఏడు మాకు దొరికిన గుంట అదొక్కటే.

"స్టేజీ కాస్త అటు జరపకూడదాండీ?" అంది.

"అటు నారుమడి, ఇటు గడ్డివామి. ఎటు జరపనండీ?"

"పోనీ రెండు వారాలాగి..." అని నేను నసిగాను.

రైతు భార్య వసారాలోంచే అందుకుంది. "ఏవండోయ్, అరవై నిండటానికి నక్షత్రం చూసుకోవాలా, కప్పల కాళ్లు చూసుకోవాలా?"

కొలతలకని చల్లపల్లి నుంచి వచ్చిన టెంట్‌హౌస్ భాయ్ ఇదంతా వింటున్నాడు. టేపును గుంట మీద అడ్డంగా పరిచాడు.

"మట్టెందుకు బాబాయ్? చుట్టూ స్టాండ్లేసి రెండడుగుల ఎత్తున బల్లలు పరిచేస్తా. ఒక్క కాలు నీళ్లలో దిగదు. పైన మీరు, కింద అవి."

"విరిగితే?"

"మొన్న పెళ్లిలో ముప్ఫై మందెక్కి డాన్సాడారు. మీరిద్దరు కూర్చుంటే విరుగుద్దా?"

రైతు భార్య బయటికొచ్చి భర్తను కిందినుంచి పైదాకా తేరిపార చూసింది. "ఈయనొక్కరే ముప్ఫై మంది పెట్టు. ఇంకో నాలుగు స్టాండ్లు ఎక్కువెయ్యి భాయ్."

మట్టి ట్రక్కు ఆగిపోయింది.

ఆదివారం మమ్మల్నీ పిలిచారు. దంపతులు దండలు మార్చుకుంటుంటే ఊరంతా బస్తాలకొద్దీ అక్షింతలు కుమ్మరించింది. మా ఆవిడ నా డొక్కలో పొడిచి, "బల్లల సందుల్లోంచి నీళ్లలో పడుతున్నాయి. చూసి రండి," అంది. పట్టుపంచెతో స్టేజీ కిందికి పాకాను. పైన సన్నాయి, కింద నేను. పసుపు బియ్యం చుట్టూ తోకకప్పలు పంక్తి భోజనానికి వచ్చినట్టు గుమిగూడాయి. అన్నీ క్షేమం. బయటికి పాకేసరికి వీడియో కెమెరా దంపతులను వదిలేసి నా బురద ముఖం మీద నిలిచి ఉంది.

సర్వే ఫారంలో 'ఆవాసానికి కలిగిన అంతరాయం' అన్న గడిలో మా ఆవిడ 'షష్టిపూర్తి' అని రాసింది.

రెండు వారాలకు రైతు నుంచి ఫోన్.

"మేడమ్ గారూ, కాళ్లొచ్చినయ్యండీ! మా ఇంటి మెట్ల మీద గెంతుతున్నాయి. మా ఆవిడ చీపురు పక్కనపెట్టేసి, మీరొచ్చి చూసేదాకా వాకిలి ఊడవనంటంది."

మా లెక్చరరమ్మ ఫోన్ చెవిన ఉండగానే చెప్పులు వేసుకుంది. నేను బకెట్ తీశాను.