పళ్లెం కింది ఇనుప ముక్క

నా చిన్నప్పుడు, తొంభైల్లో, చిక్కడపల్లిలో మాకు కిరాణా కొట్టు ఉండేది. బేరమాడటం నాకు అక్కడే అబ్బింది. పడబోయే దెబ్బలకు కూడా బేరమాడేవాణ్ణి. సైన్సు పరీక్షలో గురుత్వాకర్షణ ప్రశ్నలన్నీ తప్పు రాసి వచ్చిన రోజు, మా తాతయ్య చెయ్యి లేవకముందే సరుకు మార్చేశాను. "న్యూటన్ లెక్కే పూర్తిగ కరెక్టు కాదంట తాతా. ట్యూషన్ సారే చెప్పిండు."

సారు మా కొట్టు మీది గదిలో కిరాయికి ఉండేవాడు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి, పగలు అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటూ, సాయంత్రాలు మా గల్లీ పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. ఆ మాట ఆయన అన్నదే. కాకపోతే ఆయన చెప్పినదాంట్లో సగమే నేను అమ్మాను.

కొట్టు నిండా గిరాకీ ఉన్న వేళ తాతయ్య ఆయన్ని కిందికి పిలిచాడు. "ఏం సారూ, పోరలకు తప్పుడు లెక్కలు చెప్తున్నవంట?"

"తప్పు కాదు సేటూ. రాయి కింద పడుడుకు, చంద్రుడు తిరుగుడుకు ఆ లెక్క సరిపోతది. బుధగ్రహం కాడ జరంత తేడా వచ్చింది, ఐన్‌స్టీన్ సరిచేసిండు. రేపు ఆయనది గూడ ఇంకొకరు సరిచేయొచ్చు."

"అయితే నేను గూడ కిలో పప్పుకు జరంత తేడా తూకమేస్త, తీస్కపో!"

కొట్టంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను.

సారు నవ్వలేదు. తక్కెడ పళ్లెం కింద కట్టిన చిన్న ఇనుప ముక్కను వేలితో చూపించాడు. పళ్లేలు రెండూ ఎప్పుడూ ఒకే బరువుండవు; తేలిక పళ్లేనికి అలా పాసంగం కట్టి సరిచేయడం ప్రతి కొట్టులోనూ ఉన్నదే. "ఇది కట్టినందుకు మీ తక్కెడ దొంగదైతదా సేటూ? ఎంత తేడానో ఎరుకైనందుకే కట్టిన్రు. మా లెక్క గూడ గంతే."

అంత చక్కగా నాకు సైన్సు మళ్లీ ఎవరూ చెప్పలేదు. కాని గిరాకీలకు పాఠం వినపడలేదు, ఇనుప ముక్క కనపడింది. ఒకామె తన పొట్లం తెచ్చి పళ్లెంలో పడేసింది. "జర మళ్ల తూకమెయ్యి."

"పొద్దుగూకేలోపల రూం ఖాళీ చెయ్," అన్నాడు తాతయ్య సారుతో.

"పరీక్షకు నెల గూడ లేదు సేటూ," అంటూ సారు నావైపు చూశాడు. ఆయన తప్పేం చెప్పలేదు, దెబ్బలకు భయపడి నేనే సగం చెప్పానని ఒక్క మాట అంటే చాలు. నేను డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాను.

సారు పుస్తకాలు గోనెసంచిలో వేసుకుని నారాయణగూడ వైపు బయల్దేరాడు. సంచి కొట్టుదని తాతయ్య వెనక్కి పిలిచి ఖాళీ చేయించాడు. సారు ఆ పుస్తకాలను గుండెకు హత్తుకుని, జారిపోయినవి వంగి ఏరుకుంటూ వెళ్లాడు.

రెండు చెంపదెబ్బలు తప్పించుకోవడానికి ఒక మనిషి గదిని ఇచ్చేశాను. అంత లాభసాటి బేరం నాకు మళ్లీ కుదరలేదు.

ఇప్పుడు ఆ కొట్టు నాది, కాంటా కరెంటుది. పొద్దున్నే షట్టరెత్తేసరికి ఒక్కోసారి ఖాళీ కాంటా మీద రెండు గ్రాములు కనిపిస్తాయి. తూకం సరిగ్గా ఉందా అని ఎవరైనా అడిగితే, తడుముకోకుండా "పక్కా" అంటాను. అన్న ప్రతిసారీ, ఆనాటి బెల్లం ముక్క నోట్లో ఇంకా కరగనట్టే ఉంటుంది.