పెనుకొండలో నేను తడిమి చూడని చేప

నాలుగేళ్లుగా జాంబియాలో బోర్లు వేసే పనిలో ఉన్నాను. సెలవు రోజుల్లో అక్కడి నదిలో క్యాట్‌ఫిష్‌లు పట్టి, ఆ ఫోటోలు మా హిందూపురం వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి. అవి చూసి, పెనుకొండ దగ్గర చెరువులో చేపలు పట్టే గంగప్ప ఫోన్ చేశాడు. ఆ చెరువులో మన నాటు క్యాట్‌ఫిష్‌లు, అంటే మార్పు చేపలు, దాదాపు కనబడకుండా పోయాయట. దొరికిన ఒక్క ఆడచేపను తొట్టెలో సాకుతున్నాడట.

"దానికొక జత చూసిపెట్టప్పా. ఫారం చేపను, అదే మీ ఆఫ్రికా రకాన్ని వేస్తే దీన్ని మింగేస్తాది. నాకా కండ్లు ఆనడంల్యా" అన్నాడు.

మొన్న సెలవులో ఉదయం ఏడుకు హిందూపురంలో బస్సెక్కాను. నా గాలపు కర్ర చూసి కండక్టర్ "ఏమప్పా, టీవీ ఆంటెన్నానా?" అని నవ్వాడు. ఎనిమిదిన్నరకు పెనుకొండలో దిగి, బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని, ఆటోలో చెరువుకు చేరాను.

గంగప్ప ముందు తొట్టె చూపించాడు. అడుగున మీసాలు కదుపుతూ ఒక్కటే ఉంది. "తల వెనక ఎముక తడమాలి పెద్దాయనా. ఫారం చేపకు మూడు మొనలు, నాటుదానికి ఒక్కటే" అని ఘనంగా పాఠం చెప్పాను.

తొమ్మిదిన్నరకు గాలానికి మూరెడు చేప పడింది. ఒంటి మీద తెల్ల మచ్చలు. జాంబియా చేపలకూ మచ్చలే. "ఇది ఫారందే" అనేశాను.

"బాగా చూడప్పా. నాకు నాటుదే అనిపిస్తాండాది."

"నాలుగేళ్లు ఇవే పట్టినా. దీన్ని మళ్లీ నీళ్లలో వదలొద్దు."

నేను ఎక్కాల్సిన ధర్మవరం రైలుకు ఇంకా రెండు గంటలుంది. తల మీద వేలు పెట్టడానికి క్షణం చాలు. నాకు పొగరు, అంతే. గంగప్ప చేపను బుట్టలో వేసుకున్నాడు. ఆయన కోడలు ఆ చేపను పులుసు పెట్టి, క్యారియర్ కట్టిచ్చింది.

ధర్మవరంలో మగ్గం ఇంట్లో నా భార్యకు నేయించిన పట్టుచీర తీసుకుని, రెండింటికి స్టేషన్ బెంచీ మీద క్యారియర్ విప్పాను. అతిథినని తలకాయ ముక్క నాకే వేసింది ఆ తల్లి. తింటుంటే వేళ్లకు ఎముక తగిలింది. కుళాయి దగ్గర కడిగి చూశాను. అయ్యో! ఎటు తిప్పినా ఒక్కటే మొన.

తిరుగు రైల్లో పక్కనున్న ఆవిడ "ఏమన్నా, ఒంట్లో బాగల్యాదా?" అనడిగింది. తల ఊపాను. సాయంత్రం పెనుకొండలో బండి ఆగగానే, దిగి చెప్పేద్దామని తలుపు దాకా వెళ్లాను. అప్పుడే గంగప్ప ఫోన్.

"పులుసు ఎట్లుండెప్పా? కోడలు అడగమంటాంది."

"బాగుంది."

"నువ్వు చెప్పబట్టి సరిపాయ. లేకుంటే దాన్ని తొట్టెలో ఏసి, ఉన్న ఒక్కదాన్నీ పోగొట్టుకుందును."

బండి కదిలింది. నేను దిగలేదు.

మీరెవరైనా ఆ చెరువుకు వెళితే ఏడు గంటల బస్సు మంచిది, ఉగ్గాని బాగుంటుంది. చేప పడితే ముందు తల తడమండి. తర్వాత నా తప్పు గంగప్పకు చెప్పండి. నేనింకా చెప్పలేదు.