తడ దగ్గర గీత

తిరుపతి హైస్కూల్లో సోషల్ చెప్పే సుదర్శనం అయ్యవారికి పెరుమాళ్ల మీద ఎంత భక్తో, రాష్ట్రాల సరిహద్దుల మీదా అంతే. పటంలో నదిని ఎంత వంకరగా గీసినా క్షమించేవాడు. సరిహద్దుకు గీతా చుక్కా, గీతా చుక్కా పెట్టకపోతే మాత్రం అర మార్కు కోసేవాడు. పాతికేళ్లుగా ఆ కోత ఆగలేదు.

ఎనభై మూడులో ఆ కోత మునిలక్ష్మికి తగిలింది. తొమ్మిదో తరగతి పెద్దపరీక్షలో ముప్పై నాలుగున్నర దగ్గర ఆగిపోయింది. ఆ అర రాకపోతే అదే తరగతిలో మళ్లీ కూర్చోవాలి. వాళ్ల నాయన చెంగల్రాయుడు రేణిగుంట నుంచి తడ మీదుగా మద్రాసుకు లారీ తోలేవాడు. వచ్చి చేతులు కట్టుకొని నిలబడి, వారానికి రెండుసార్లు తడ దాటుతాననీ, అక్కడ తమిళనాడు సరిహద్దు చెక్‌పోస్టు తప్ప గీతనేది ఎన్నడూ తన కంటబడలేదనీ విన్నవించుకున్నాడు.

"నేల మీద నిలబడితే ఏం కనిపిస్తాదప్పా? పైనుంచి సూడాల," అన్నాడు అయ్యవారు.

ఊళ్లో అప్పుడే ఉపగ్రహం తీసిన బొమ్మల ప్రదర్శన పెట్టి ఉన్నారు. అందులో గీత కనిపించకపోతే అర మార్కు ఇచ్చేస్తానని మాట కూడా ఇచ్చేశాడు.

ఇద్దరూ కలిసే వెళ్లారు. మొదట రాజస్థాన్ ఎడారి. ఇసుక అలలు అలలుగా ఉంది గానీ, రెండు దేశాల నడుమ గీత లేదు. గాలికి ఇసుక కప్పేసి ఉంటుందని అయ్యవారు తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. తర్వాత మన సీమ. శేషాచలం కొండలు ఎర్రగా కనిపించేసరికి అడవి అంటుకుందేమోనని గుండెలు బాదుకోబోయాడు. ఈ బొమ్మల్లో పచ్చదనమే ఎర్రగా పడుతుందని అక్కడి ఉద్యోగి చెప్పాక కుదుటపడ్డాడు. పిల్లల చేత ఏటా నీలిరంగు పూయించే స్వర్ణముఖి తెల్లటి ఇసుకచారలా ఉంది. తూర్పున నల్లగా పులికాట్ సరస్సు, దాని పక్కనే తడ.

కళ్లజోడు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. ముక్కు బొమ్మకు ఆనేదాకా వంగాడు.

"అన్నం తినే యాళలో తీసినారేమో సామీ. చెక్‌పోస్టోళ్లు గీతను సుట్టి లోపల పెట్టుకోనుంటారు," అన్నాడు చెంగల్రాయుడు, నవ్వును మీసాల కింద దాచుకుంటూ.

అయ్యవారు సంచిలోంచి మునిలక్ష్మి పేపరు తీసి, అక్కడికక్కడే ఎర్ర కలంతో ముప్పై అయిదు చేసి సంతకం పెట్టాడు. వాకిట్లో అభిప్రాయాల పుస్తకం ఉంది. నాలుగు మాటలు రాయమని ఉద్యోగి అడిగితే, అదే కలంతో రాశాడు: 'చిత్రాలు బాగున్నవి. సరిహద్దు గీయలేదు. అర మార్కు తగ్గించడమైనది.'