పొరుగింటి గోడ మీద సముద్ర యుద్ధం

మొన్న వాషింగ్టన్‌లో ఒక మ్యూజియానికి వెళ్లినప్పుడు, రంగులు వెలిసిపోకుండా దీపాలు తగ్గించిన గదిలో, చెక్క మీద చెక్కి కాగితం మీద అద్దిన జపాను బొమ్మలు చూశాను. నల్లటి సముద్రం, ఎర్రటి మంట, రెండుగా విరుగుతున్న ఓడ, నీళ్లలో తలలు. పక్కనున్న కుర్రాళ్లు రంగుల్ని మెచ్చుకుంటూ ముందుకు సాగిపోయారు గానీ నేను అక్కడే ఆగిపోయాను. ఎనభైల మొదట్లో, వాషింగ్టన్ దగ్గర మేముండే హెర్న్‌డన్‌లో, అలాంటి బొమ్మ ముందే మా అత్తగారు నిలబడిపోయారు.

అప్పట్లో హెర్న్‌డన్ ఇప్పటిలా కాదు. మన మాట వినాలంటే ఆదివారం గంటసేపు డ్రైవ్ చేసి, ఎవరో ఒకరింట్లో జరిగే తెలుగు ఆరాధనకి వెళ్లాలి. విశాఖ నుంచి వచ్చిన అత్తగారికి నడిచి వెళ్లగలిగిన ఇల్లు ఒక్కటే, పక్కింటి జపాను ఆవిడది. ఆమె అమెరికన్ భర్త పోయి చాలా కాలమైంది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరూ రోజూ టీ తాగుతూ, ఊలు అల్లుకుంటూ కూర్చునేవారు. లేచేముందు అత్తగారు, మన విశ్వాసుల అలవాటు ప్రకారం, ఆ ఇంటి కోసం కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. ఆవిడా తల వంచి వినేది.

ఒకసారి ఆవిడ తన తాతగారి నాటి మూడు కాగితాలకి ఫ్రేములు కట్టించి హాల్లో పక్కపక్కనే తగిలించింది. మూడూ కలిస్తే ఒకే సముద్ర యుద్ధం, పందొమ్మిదో శతాబ్దం చివర జపాను చైనాతో పోరాడిన కాలం నాటిది. అమెరికా వచ్చేదాకా పత్రికల్లోనే పనిచేసిన నాకు అది మా వృత్తిలాగే తోచింది. యుద్ధాన్ని కళ్లారా చూడని చిత్రకారులు అందిన వార్తల్ని బట్టి గీస్తే, వార్త చల్లారకముందే అచ్చువేసి అమ్మేవారట. అత్తగారు చూసింది వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేసిన రోజు, అక్కడ పనికి వెళ్లిన ఆవిడ అన్నగారు మళ్లీ ఇంటికి రాలేదు. బొమ్మ చూశాక అత్తగారు టీ ముట్టలేదు, ప్రార్థన చేయకుండానే లేచి వచ్చేశారు. తర్వాత అటువైపే పోలేదు. మా ఆవిడ వెళ్లి సంగతి చెప్పి వచ్చింది గానీ, ఇక ఆ ఒక్క గడపా మూసుకుపోయిందనే అనుకున్నాం.

కొన్నాళ్లకి జపాను ఆవిడే వచ్చి మమ్మల్ని పిలిచింది. వెళ్లి చూస్తే మధ్య ఫ్రేము లేదు. రెండు వైపులా అలలు, నడుమ బోసి గోడ.

"సారీ చెప్తోందమ్మా ఆవిడ. నువ్వు ఫీలయ్యావని తీసేసిందట," అంది మా ఆవిడ.

అత్తగారు ఆ ఖాళీ దగ్గరికి నడిచారు. "ఓడ తీసేస్తే నీళ్లే కదే మిగిలేది. అక్కడ మనుషులు పోయారని ఎవరికి తెలుస్తాది? తెచ్చి పెట్టమను."

"నీకు కష్టంగా ఉంటుందేమోనమ్మా."

"ఉంటాది. పెట్టమను."

జపాను ఆవిడ లోపలి నుంచి ఫ్రేము తెస్తే నేనే మేకుకి తగిలించాను. అత్తగారు దాని ముందు నిలబడి, నీళ్లలో పోయినవాళ్ల ఇళ్లలో మిగిలినవాళ్లని ఆదరించమని, తనవాళ్లనీ వాళ్లనీ వేరు చేయకుండా ప్రార్థించారు. జపాను ఆవిడకి చివరి "ఆమెన్" ఒక్కటే అర్థమైంది కాబోలు, అది మాత్రం తనూ అంది.

ఇద్దరూ ఇప్పుడు లేరు. మా వీధి నిండా తెలుగువాళ్లే ఉన్నారు. కార్లు గ్యారేజీల్లోకి వెళ్తాయి, తలుపులు దిగుతాయి, క్రిస్మస్‌కి ఫోన్లో శుభాకాంక్షలు పంపుకుంటాం. ఎవరి మీదా ఎవరికీ కోపం లేదు. మనసు నొచ్చుకోవాలన్నా ముందు ఒకరింటికి ఒకరు వెళ్లాలి కదా, ఆ వెళ్లడమే లేకుండా పోయింది.